గోతిలోకి దిగే ముందు



2019 ఏప్రిల్ 10. మర్నాడే లోక్‌సభ పోలింగ్. ఊళ్ళన్నీ ఆ హడావుడిలో ఉన్నాయి. నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరులో ఆడవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉపాధి హామీ పనికి వెళ్ళారు. మట్టి పని. ఎండ ముదిరింది. కాస్త అలుపు తీర్చుకుందామని కొందరు పక్కనే ఉన్న మట్టిగట్టు నీడన కూర్చున్నారు. ఆ గట్టు విరిగి వాళ్ళ మీద పడింది. పది మంది చనిపోయారు.

వాళ్ళ ప్రాణం పోయింది పని చేస్తుండగా కాదు. నీడ కోసం కూర్చున్నప్పుడు. చెట్టూ చేమా లేని చోట, మండుటెండలో, తవ్వకం దగ్గర దొరికే నీడ ఒక్కటే: నిట్టనిలువుగా నిలబడ్డ మట్టిగోడ నీడ. పని దగ్గర తాగునీళ్ళు, పిల్లలకూ విశ్రాంతికీ నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్లోనే రాశారు. నీడ అనగానే అదొక సౌకర్యం అనుకుంటాం. నేను దాన్ని భద్రత కిందే లెక్క వేస్తాను. నాలుగు బాదులు పాతి పైన పరదా కడితే మనిషి గట్టు కిందికి పోడు. తవ్వకాల దగ్గర పనిచేసేవాళ్ళకు శిక్షణ ఇవ్వాలి అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఈ సంగతే. ఎలా తవ్వాలో చెప్పడం ఒక ఎత్తు. ఎక్కడ నిలబడకూడదో, ఎక్కడ కూర్చోకూడదో, ఎప్పుడు బయటికి వచ్చెయ్యాలో చెప్పడం మరో ఎత్తు. ఈ రెండోదాన్ని మనం చెప్పడం లేదు.

మట్టి బరువు ఎంతో మోసేవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒక తట్ట మట్టి ఇరవై కిలోలు అనుకుందాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న మట్టి, దాని రకాన్నిబట్టీ తడినిబట్టీ ఒకటిన్నర టన్నుల నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది. అంటే 75 నుంచి 100 తట్టలు. మనిషి పూటంతా మోసే మట్టి ఒక్క క్షణంలో మీద పడుతుందన్న మాట. గోతి అంచున కూలీలను కూర్చోబెట్టి ఈ లెక్క వాళ్ళ చేతే కట్టించాలి. రోజూ తట్ట ఎత్తే మనిషికి వంద తట్టలంటే ఏమిటో తెలుసు. టన్నుల్లో చెబితే తల ఊపి ఊరుకుంటాడు.

మరో మాట కూడా చెప్పాలి. తల బయట ఉంటే బతుకుతాం అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. ఛాతీ దాకా పూడుకుపోయిన మనిషి ఊపిరి వదిలినప్పుడల్లా రొమ్ము కాస్త కుంచించుకుంటుంది. ఆ సందులోకి మట్టి సర్దుకుంటుంది. మళ్ళీ గాలి పీల్చడానికి రొమ్ము విప్పారేందుకు చోటు ఉండదు. ముఖం మీద మట్టి లేకపోయినా ఊపిరాడక చనిపోతాడు.

ఇంత బరువున్న గోడ ఎందుకు విరుగుతుంది? భూమిలో ఉన్నంతసేపూ మట్టిని నాలుగు పక్కలా మట్టే పట్టుకుని ఉంటుంది. మనం ఒక పక్క తవ్వి తీసేస్తే ఆ పక్కకు ఆసరా పోతుంది. పైన, అంచుకు కొంచెం ఎడంగా, అంచు వెంబడే సన్నటి నెర్రె విచ్చుకుంటుంది. సాధారణంగా గోతి లోతులో సగం నుంచి ముప్పాతిక వంతు దూరంలో ఈ నెర్రె వస్తుంది. ఆరడుగుల గోతికైతే అంచు నుంచి మూడు, నాలుగున్నర అడుగుల మధ్య చూడాలి. తవ్విపోసిన మట్టికుప్ప సరిగ్గా అక్కడే ఉంటుంది కాబట్టి నెర్రె మన కంటపడదు. అది కనపడకపోవడానికి కారణమైన కుప్పే దాని మీద బరువు కూడా మోపుతోంది. తర్వాత గోడ అడుగున కాస్త ఉబ్బుతుంది. చిన్న రాళ్ళు, మట్టి పలుకులు జలజలా రాలతాయి. ఇవి కనిపించినప్పుడు చేతిలో ఏముంటే అది అక్కడే పడేసి పైకి రావాలి. పార కోసం, గడ్డపార కోసం వెనక్కి తిరిగితే ఆ ఒక్క క్షణం చాలు. ఈ గుర్తులేవీ లేకుండా కూలే గోడలూ ఉన్నాయి. అందుకే గుర్తుల మీద మాత్రమే ఆధారపడకూడదు.

మన నేలల్లో ఒక్కోదానిది ఒక్కో తీరు. నల్లరేగడి ఎండాకాలంలో కోసిన గోడలా నిలబడుతుంది, లోపల ఎక్కడికక్కడ బీటలు పారి ఉంటుంది. ఒక వాన పడిందంటే ఉబ్బి, మెత్తబడి, ముక్కలు ముక్కలుగా జారుతుంది. మొరం గట్టిగా ఉంటుందని ధీమాగా దిగుతారు, గాలికీ ఎండకూ పైపొర ఆరి రాళ్ళు వదులవుతాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కొద్ది లోతుకే నీళ్ళు తగులుతాయి. ఆ ఊట గోడ కాళ్ళ దగ్గరి ఇసుకను పట్టుకుపోతుంది, పైభాగం గాల్లో నిలబడుతుంది. వీటన్నిటికంటే నేను ఎక్కువ భయపడేది పూడ్చిన మట్టికి. మన పట్నాల్లో ఏ వీధి చూసినా మంచినీళ్ళకు ఒకసారి, మురుగుకు ఒకసారి, కేబుళ్ళకు మరోసారి తవ్వి పూడ్చిందే. కొత్తగా తవ్వే కాలువ గోడ చాలాచోట్ల పాత కాలువ పూడికే. దానికి పట్టు ఉండదు.

శిక్షణ ఇక్కడే మొదలుపెట్టాలంటాను. పుస్తకం తెరవక్కర్లేదు. ఆ పొద్దు తవ్విన మట్టిలోంచి పిడికెడు తీసి కూలీ చేతిలో పెట్టండి. పిసికి ఉండ చెయ్యమనండి. రెండు అరచేతుల మధ్య సన్నగా నులమమనండి. దారంలా సాగితే బంకమట్టి, కొంత పట్టు ఉంది. నులుముతుండగానే పొడిపొడిగా రాలిపోతే పట్టు లేదు. పెద్ద పెళ్ళ మీద బొటనవేలు నొక్కమనండి. వేలు గుచ్చుకోవడానికే కష్టపడితే ఒక రకం, సులువుగా దిగబడితే మరో రకం. మధ్యాహ్నం మళ్ళీ ఇదే పని చేయించాలి, పొద్దున ఉన్న తడి మధ్యాహ్నానికి ఉండదు, లేదా ఊట పెరిగి ఉంటుంది. మట్టిని మన కూలీలకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. సేద్యం చేసిన చేతులు, బావులు తవ్విన చేతులు. అయితే వాళ్ళు మట్టిని చూసింది పైనుంచి, పండుతుందా లేదా, తేలిగ్గా తెగుతుందా లేదా అని. తమ తలకంటే ఎత్తున నిలబడ్డ మట్టిని కింద నుంచి చూడ్డం వేరు. ఆ చూపు అలవాటు చెయ్యడమే శిక్షణ.

ఇక నియమాలు. ఇవేవీ కొత్తవి కావు. తవ్వకాల్లో భద్రతకని భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 3764 పేరుతో ప్రత్యేకంగా ఒక నియమావళి ప్రచురించింది. కేంద్ర ప్రజా పనుల శాఖ కాంట్రాక్టు పత్రాలకు జతచేసే భద్రతా నియమాల్లోనూ అంకెలతో సహా ఉన్నాయి. గొయ్యి లోతు 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు దాటితే నిచ్చెన ఉండాలి. ప్రతి 30 మీటర్ల పొడవుకు కనీసం ఒకటి. ఆ నిచ్చెన గట్టు మీదికి 90 సెంటీమీటర్లు పొడుచుకుని రావాలి, పైకి వచ్చే మనిషి పట్టుకోవడానికి. లోతు మీటరున్నర, అంటే ఐదడుగులు దాటితే పక్కలు వాలుగా మెట్లుమెట్లుగా కొయ్యాలి, లేదా పలకలు బాదులు పెట్టి ఆపాలి. తవ్విన మట్టిని అంచు నుంచి మీటరున్నర దూరంలో గానీ, గోతి లోతులో సగం దూరంలో గానీ, ఏది ఎక్కువైతే అంత ఎడంగా పొయ్యాలి. పైనుంచి కిందికే తవ్వాలి. అడుగున తొలిచి పైభాగం తనంతట తాను విరిగిపడేలా చెయ్యడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

ఈ చివరిదాని గురించి నొక్కి చెప్పాలి. మొరం దిబ్బల దగ్గర, గట్లు తవ్వే చోట ఇది రోజూ జరిగేదే. అడుగున గడ్డపారతో గుహలా తొలుస్తారు, పైన ఉన్నదంతా ఒక్కసారిగా కూలుతుంది, పని తొందరగా అవుతుంది. తొలిచే మనిషి మాత్రం ఆ గుహలోనే ఉంటాడు.

ఐదడుగుల నియమంలో ఒక కిటుకు ఉంది. నాలుగడుగుల గొయ్యే కదా అని నిశ్చింతగా ఉంటాం. పైపులు కలిపే మనిషి అందులో నిలబడి పని చెయ్యడు. గొంతుక్కూర్చుని, తల వంచి, రెండు చేతులూ పైపు చుట్టూ పెట్టి జాయింటు బిగిస్తాడు. అప్పుడు గోడ అతని తలకంటే ఎత్తు. పైకి చూసే వీలు లేదు, ఒక్క ఉదుటున లేచే వీలు లేదు. అలాంటి చోట గట్టు మీద ఒక మనిషిని కాపలా పెట్టాలి. గోడలనూ అంచునూ చూస్తుండటమే అతని పని, మధ్యలో తట్ట ఎత్తమని పంపకూడదు.

షోరింగ్, అంటే గోతి పక్కలు కూలకుండా పెట్టే ఆసరా, అనగానే పెద్ద కంపెనీలు వాడే ఇనుప పెట్టెలే గుర్తొస్తాయి. అవి ఉంటే మంచిదే. లేకపోతే సరైన మందం ఉన్న పలకలు, గట్టి దూలాలు, జామాయిల్ బాదులతో కూడా చెయ్యవచ్చు. ఎంత మందం, ఎంత ఎడం అన్నది ఇంజనీరు చెప్పాలి, ఉజ్జాయింపు లెక్కన కుదరదు. రెండు గోడలకూ నిలువు పలకలు ఆనించి, వాటిమీద పొడుగూతా దూలాలు పెట్టి, ఎదురెదురు దూలాల మధ్య బాదులు బిగిస్తారు. పెట్టేటప్పుడు పైనుంచి కిందికి పెట్టుకుంటూ రావాలి, మనిషి ఎప్పుడూ బిగించిన భాగంలోనే ఉండాలి. తీసేటప్పుడు అడుగు నుంచి మొదలుపెట్టి, మట్టి పూడుస్తూ ఒక్కొక్కటే తీసుకుంటూ పైకి రావాలి. పని అయిపోయిందన్న తొందరలో అన్నీ ఒకేసారి లాగేస్తారు, ప్రమాదాలకు అదీ ఒక వేళే. ఆ బాదుల మీద కాళ్ళు పెట్టి ఎక్కడం దిగడం కూడా మాన్పించాలి. అవి గోడను ఆపడానికి బిగించినవి. ఎక్కడానికి నిచ్చెన ఉంది.

ఇన్ని తెలిసీ ఎందుకు చెయ్యరు? చాలాచోట్ల కారణం డబ్బు, కొలత. మట్టి పనికి కూలి ఘనపు మీటరు లెక్కన. అంచనాలో రాసిన వెడల్పుకే బిల్లు. వాలుగా కోస్తే తవ్వాల్సిన మట్టి పెరుగుతుంది, ఆ అదనానికి పైసా రాదు. తర్వాత దాన్ని పూడ్చాలి కూడా. షోరింగ్‌కు విడిగా రేటు రాయని అంచనా చేతికిచ్చి, పక్కలు జాగ్రత్తగా ఆపమని కాంట్రాక్టరుకు ఎన్ని ఉత్తరాలు రాసినా ఉపయోగం లేదు. అంచనాలు తయారుచేసే ఇంజనీరు మిత్రులెవరైనా వింటుంటే, వాళ్ళను నేను మనస్ఫూర్తిగా కోరేది ఇదే: ఐదడుగులు దాటే ప్రతి తవ్వకానికీ షోరింగ్‌ను వేరే పద్దుగా, చదరపు మీటర్ల లెక్కన రాయండి. పద్దు ఉంటే కొలుస్తారు, కొలిస్తే చేస్తారు. అది లేని చోట కూలీకి ఎంత శిక్షణ ఇచ్చినా, చివరికి అతను దిగేది ఏ ఆసరా లేని గోతిలోకే.

శిక్షణ ఎవరికి, ఎక్కడ అన్న ప్రశ్న తర్వాతది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ ఉంటాడని పేరు. వాళ్ళను తీసుకుపోయేది గుంపు మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చేదీ, హాజరు రాసేదీ, జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకుపోయేదీ అతనే. గుంపులో ఎవరు ఎక్కడ దిగాలో అతని నోటి మాట మీదే నడుస్తుంది. శిక్షణ మొదట అతనికి చేరాలి. కంపెనీ భద్రతాధికారి తెర మీద బొమ్మలు చూపిస్తూ గంట మాట్లాడి, చివర ఒక కాగితం మీద అందరి వేలిముద్రలూ తీసుకుంటే దాన్ని శిక్షణ అనలేం. ప్రమాదం జరిగాక కంపెనీకి ఆ కాగితం పనికొస్తుంది. గోతిలో ఉన్నవాడికి పనికిరాదు.

భాష సంగతి కూడా ఉంది. మనవాళ్ళు పుణెకో ముంబైకో పోయినప్పుడు అక్కడి మాట సగం అర్థమవుతుంది, సగం కాదు. ఇప్పుడు హైదరాబాదులో పునాదుల్లో దిగుతున్నవాళ్ళలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. మనం తెలుగులో రాసి పెట్టిన హెచ్చరిక బోర్డు వాళ్ళకు ఉట్టి రేకు. అందుకే చేసి చూపించాలి. నెర్రెను వేలితో చూపించాలి. బయటికి రండి అనడానికి ఒకే ఒక్క సైగ, ఒకే ఒక్క ఈల పెట్టుకోవాలి. ఆ ఈల వినగానే అందరూ నిచ్చెన దగ్గరికి ఎలా పోవాలో మొదటిరోజే రెండుసార్లు నడిపించి చూడాలి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్ళి నిర్మాణ పనుల్లో చేసి తిరిగొచ్చిన అన్నలు చాలా ఊళ్ళలో ఉన్నారు. అక్కడి పెద్ద సైట్లలో పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడే టూల్‌బాక్స్ టాక్ వాళ్ళకు అలవాటే. ఊళ్ళో కాలువ పని మొదలైతే వాళ్ళను పిలిచి ఆ పది నిమిషాలు వాళ్ళకు అప్పజెప్పండి.

ఆ పది నిమిషాల్లో చెప్పాల్సిన మాటల్లో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. "ఎవరికైనా గోడ మీద అనుమానం వస్తే పైకి వచ్చెయ్యండి. ఎవరూ ఏమీ అనరు. ఆ పూట కూలి కొయ్యం." ఈ మాట మేస్త్రీ అందరి ముందూ అనాలి. అన్న మాట మీద నిలబడాలి. ఒక్కసారి ఒక కుర్రవాడు భయపడి పైకొస్తే "ఏం కాదు లేరా, రెండు గంటల పనే గదా, దిగు" అని అందరూ నవ్వారనుకోండి, ఆ గుంపులో ఇంకెవడూ నోరు విప్పడు. మీరు నేర్పిన గుర్తులన్నీ వాళ్ళ కళ్ళకు కనపడుతూనే ఉంటాయి, కాళ్ళు మాత్రం కదలవు. మట్టిని చూడ్డం నేర్పడం సులువు. పని ఆపినవాణ్ణి మెచ్చుకోవడం మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు, మా ఇంజనీర్లకు నేర్పడం కష్టం. నేను శిక్షణ అనేది దీన్నే.

వాన పడిన మర్నాడు, రాత్రంతా గొయ్యి తెరిచి వదిలేసిన మర్నాడు, పక్క రోడ్డు మీద బరువు లారీలు తిరిగినప్పుడు, ఎవరూ దిగకముందే తెలిసిన మనిషి ఒకరు అంచు పొడుగునా నడిచి చూసి రావాలి. జేసీబీ అంచుకు దగ్గరగా ఉన్నంతసేపూ గోతిలో మనిషి ఉండకూడదు. తవ్వే ముందు భూమిలో ఏముందో కనుక్కోవాలి. కరెంటు కేబులో, గ్యాస్ పైపో గడ్డపారకు తగిలితే గోడ కూలేదాకా ఆగక్కర్లేదు. దీనికోసం కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ తెచ్చింది. తవ్వేవాళ్ళు చోటు తెలిపితే అక్కడ లైన్లు ఉన్న సంస్థలకు కబురు వెళుతుంది. పాత బావిలోకో, మురుగు మ్యాన్‌హోల్లోకో మాత్రం మనిషి దిగడమన్న ప్రశ్నే రాకూడదు. అక్కడ గోడ కంటే ముందు విషవాయువు చంపుతుంది.

ఇల్లు కట్టుకునేవాళ్ళతో ఒక మాట. సంపు, సెప్టిక్ ట్యాంకు గుంతలు ఎనిమిది, పదడుగులు పోతాయి. అక్కడ ఇంజనీరు ఉండడు, భద్రతాధికారి ఉండడు. అడ్డా మీద నుంచి పొద్దున తెచ్చుకున్న ఇద్దరు మనుషులు ఉంటారు. బాధ్యత అంతా ఇంటివాళ్ళదే. పక్కింటి పునాది పక్కనే తవ్వుతున్నారా, అంచున ఇటుకలు, ఇసుక పోయించారా, నిచ్చెన వేశారా, కాస్త చూడండి. తట్టలు మోసే ఆమె బిడ్డను ఎక్కడ పడుకోబెట్టిందో కూడా చూడండి. మట్టికుప్ప వారనే గుడ్డ పరిచి ఉంటే, బిడ్డను మీ వసారాలోకి తెప్పించండి. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ గుంత చుట్టూ అడ్డు కట్టి, ఎర్ర దీపమో ఎర్ర గుడ్డో పెట్టండి. వానకు నిండిన గుంతలో ఏమీ తెలియని పసివాళ్ళు పడుతున్నారు.

ఇంత చేసినా గోడ కూలిందనుకోండి. అప్పుడు చెయ్యాల్సింది ముందే తెలిసి ఉండాలి, ఆ క్షణంలో ఎవరికీ బుర్ర పనిచెయ్యదు. లోపల ఉన్నది అన్నో, తమ్ముడో, ఒకే ఊరివాడో. ఆగమంటే ఆగరు, దూకేస్తారు. మొదటి గోడ కూలాక మిగిలిన భాగానికి ఆసరా ఇంకా తగ్గుతుంది. రెండో పెళ్ళ కాపాడబోయినవాళ్ళ మీద పడుతుంది. కాబట్టి మిగతావాళ్ళు ముందు బయటికి రావాలి. యంత్రాలన్నీ ఆపాలి, వాటి అదురుకే గోడ కదులుతుంది. 108కి, అగ్నిమాపక దళానికి 101కి ఫోన్ చెయ్యాలి, మనిషి మట్టిలో ఉన్నాడని స్పష్టంగా చెప్పాలి. తలలు లెక్కపెట్టాలి. చివరిసారి ఎక్కడ నిలబడ్డాడో చూసినవాళ్ళను అడిగి అంచున గుర్తు పెట్టాలి. అంచున ఉన్న జనాన్ని వెనక్కి జరపాలి. దొరికిన పలకలతో, సెంట్రింగ్ షీట్లతో మిగిలిన గోడలను ఆపాకే ఒకరిద్దరు దిగాలి.

జేసీబీ తొట్టి ఆ మనిషి ఉన్న చోటికి పోకూడదు. తొందరలో దాన్ని వాడితే మట్టి చెయ్యని గాయం అది చేస్తుంది. చేతులతో, చిన్న పారలతో ముందు ముఖం, తర్వాత ఛాతీ విడిపించాలి, ఊపిరి ఆడాలి. నోట్లో ముక్కులో మట్టి తీయాలి. పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడుతూ ఉండాలి. నడుము దాకా పూడుకున్నవాణ్ణి చంకల్లో తాడు వేసి లాగకూడదు, వెన్నూ కీళ్ళూ పోతాయి. కాళ్ళూ తొడలూ చాలాసేపు బరువు కింద నలిగి ఉంటే ఇంకో జాగ్రత్త. నలిగిన కండరాల్లో చేరిన పొటాషియం లాంటివి, బరువు తీయగానే ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండెను ఆపగలవు. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి బయటికి తీయగానే పోయేది అందుకే. ఊపిరికి అడ్డం లేకపోతే, ఆ చివరి బరువు తీసే ముందు 108 సిబ్బంది పక్కన ఉండి సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలి. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో వాళ్ళు రాగానే చెప్పండి, గోడ కూలిన టైము ఒకరు గుర్తుపెట్టుకోండి.